పాత అంబాసిడర్‌కి ఇంటి దగ్గరే పవర్ బ్రేకులు: బూస్టర్ కొనే ముందు

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దు. కడపలో మీ నాన్నగారి పాత పెట్రోల్ అంబాసిడర్ ఉంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, పెడల్ తొక్కుడికి ఇంజన్ సాయం అందించే బూస్టర్ లేదు. పెడల్ తొక్కాలంటే ఒళ్లు బరువంతా వెయ్యాల్సి వస్తోంది. మొన్న రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు లైనర్లు కాలిన వాసన వచ్చి, కిందికొచ్చేసరికి బ్రేకు పట్టు సగానికి పడిపోయింది. అందుకని పాత మారుతి బూస్టర్ ఒకటి తెచ్చి ఇంటి దగ్గరే బిగిస్తే సరిపోతుందా అని నీ ప్రశ్న.

బిగించొచ్చు, ఓపికుంటే ఇంటి దగ్గర చేసుకోగల పనే. కానీ నువ్వు చెప్పినవి రెండు వేరే వేరే జబ్బులు. పెడల్ గట్టిగా ఉండటం ఒకటి, ఘాట్‌లో పట్టు పోవడం ఇంకొకటి. బూస్టర్ మొదటిదానికి మాత్రమే మందు. రెండోదాన్ని అది బాగు చెయ్యకపోగా దాచిపెడుతుంది. ఇప్పుడు బ్రేకు వేడెక్కితే నీ కాలికి తెలుస్తోంది, బరువెక్కువ పెట్టాల్సి వస్తోంది కాబట్టి జాగ్రత్తపడుతున్నావు. బూస్టర్ పెట్టాక ఆ హెచ్చరిక చాలా ఆలస్యంగా అందుతుంది. నాకు భయం అక్కడే.

బూస్టర్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా నీకే అర్థమవుతుంది. అదొక రేకు డబ్బా, మధ్యలో రబ్బరు డయాఫ్రం. ఇంజన్ నడుస్తున్నప్పుడు, సిలిండర్లకు గాలి పోయే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పుట్టే వాక్యూమ్, డబ్బాలోని గాలిని లాగేస్తుంది. నువ్వు పెడల్ తొక్కగానే వెనక గదిలోకి ఒక వాల్వు బయటి గాలిని వదులుతుంది. ముందు గదిలో వాక్యూమ్, వెనక గదిలో మామూలు గాలి. ఆ తేడానే డయాఫ్రంని తోసి, నీ కాలితో పాటు, బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌ను నొక్కుతుంది. ఏడు అంగుళాల డయాఫ్రం, ఇరవై అంగుళాల పాదరసం వాక్యూమ్ అనుకుంటే లెక్క ప్రకారం దాదాపు 170 కిలోల తోపు వస్తుంది. ఎనిమిది అంగుళాలదైతే 220 దాటుతుంది. వాస్తవంలో కొంత తగ్గుతుంది, అయినా మనిషి కాలికి అది పెద్ద సాయం.

ఈ సాయమంతా షూని, అంటే లైనర్ అంటించిన వంపు ముక్కని, చక్రంతో తిరిగే డ్రమ్ముకేసి నొక్కడానికే. నొక్కిన తర్వాత పట్టాల్సింది లైనర్, వేడిని భరించాల్సింది డ్రమ్ము, రోడ్డుని పట్టుకోవాల్సింది టైరు. ఆ మూడింటికీ బూస్టర్ ఏమీ చెయ్యదు. ఘాట్ సంగతి ఒక లెక్కతో చెప్తాను. కారు బరువు ఎంతైనా సరే, నిలువుగా 100 మీటర్ల ఎత్తు కేవలం బ్రేకుల మీద దిగితే పుట్టే వేడి, 60 కిలోమీటర్ల వేగం నుంచి ఏడుసార్లు వరసగా పూర్తిగా ఆపినంత వేడి. మూసి ఉన్న డ్రమ్ములోంచి అది త్వరగా బయటికి పోదు. లైనర్ వేడెక్కి జారడం మొదలవుతుంది, డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూకి దూరం జరుగుతుంది, పెడల్ కిందికి పోతుంది. దానికి మందు రెండో గేరు, అవసరమైతే మొదటి గేరు. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ అదే గేరు అని లారీ డ్రైవర్లు పాటించే పద్ధతి నూటికి నూరుపాళ్లు నిజం.

ఇక పెడల్ గట్టిగా ఉండటం. ఈ కారు కొత్తగా వచ్చినప్పుడూ బూస్టర్ లేదు, అప్పుడూ జనం నడిపారు. పెడల్ ఈనాటి కార్లంత మెత్తగా ఉండేది కాదు గానీ, ఒళ్లు బరువంతా వెయ్యాల్సిన పని కూడా లేదు. అంటే నీ బండిలో ఏదో పాడైంది. బూస్టర్‌కి డబ్బు పెట్టే ముందు అదేంటో పట్టుకో.

నాలుగు డ్రమ్ములూ విప్పు. విప్పే ముందు ఒక మాట. మీ ఇంటి వాకిలి నాపరాళ్లదే అయ్యుంటుంది, కడపలో అది కాక ఇంకేముంటుంది. ఆ బండ కింద మట్టి కుంగి బోలుగా ఉంటే జాకీ మొన మీద బరువు పడగానే పగులుతుంది. జాకీ కింద, స్టాండ్ల కింద మందపాటి చెక్క వెయ్యి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి తల పెట్టొద్దు, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఇంకొకటి, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ములోని నల్లటి దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదొద్దు, నోటితో అసలే ఊదొద్దు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారెయ్యి.

లైనర్ అద్దంలా మెరుస్తోందా? అయితే అది ఎన్నోసార్లు మాడింది, ఇక పట్టదు. వెనక చక్రాల్లో లైనర్ మీద జిడ్డుందా? యాక్సిల్ ఆయిల్ సీల్ పోయింది. సీల్ మార్చకుండా లైనర్లు మారిస్తే నెలలో మళ్లీ అదే కథ. షూని తోసే వీల్ సిలిండర్ రబ్బరు టోపీ ఎత్తి చూడు, లోపల తడిగా ఉంటే కొత్త రబ్బర్ల కిట్టు వెయ్యాలి, దాని లోపలి గోడకి తుప్పు గుంటలు ఉంటే సిలిండరే మార్చాలి. బండి చాలాకాలం నిలబడి ఉంటే పిస్టన్ ఒకటి బిగుసుకుపోయి ఉండటం మామూలే. అప్పుడు మిగతా చక్రాల మీదే భారం పడుతుంది, నువ్వు ఎంత తొక్కినా చాలదు.

ఎవరూ చూడనిది ఒకటుంది, షూ డ్రమ్ముకి ఎంతమేర ఆనుతోందో. లేత్ షాపులో డ్రమ్ము టర్నింగ్ చేయించినప్పుడల్లా దాని వ్యాసం పెరుగుతుంది. కొత్త లైనర్ గుండ్రం మాత్రం పాత కొలతకే ఉంటుంది. కాబట్టి షూ మధ్యలో మాత్రమే ఆనుతుంది, రెండు చివర్లూ గాలిలో ఉంటాయి. ఎలా తెలుస్తుందంటే, లైనర్ మీద సుద్దముక్క బాగా రుద్ది, డ్రమ్ము ఎక్కించి, పెడల్ కొద్దిగా తొక్కించి చక్రం తిప్పు. విప్పి చూడు. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే బ్రేకు పనిచేస్తోంది. మధ్యలో రెండు వేళ్ల వెడల్పు మాత్రమే చెరిగితే నీ గట్టి పెడల్‌కి కారణం దొరికినట్టే. లైనర్‌ని డ్రమ్ము గుండ్రానికి తగ్గట్టు అరగదీయించుకో. డ్రమ్ము మీద రాసి ఉన్న గరిష్ఠ కొలత దాటి ఉంటే మాత్రం టర్నింగ్ అడగొద్దు, పారెయ్యి.

రబ్బరు హోస్ పైపులు బయటికి బాగానే కనిపిస్తాయి, లోపల వాచి దారి మూసుకుపోతాయి. పెడల్ గట్టిగా ఉండి, కాలు తీశాక కూడా ఒక చక్రం వదలకుండా పట్టుకునే ఉంటే, ఆ చక్రం దగ్గర ఎయిర్ తీసే నిపుల్ కొద్దిగా వదులు చెయ్యి. చటుక్కున చక్రం వదిలితే ఆయిల్ వెనక్కి పోలేక ఆగిందన్నమాట, ముందు హోస్‌నే అనుమానించు. వయసు తెలియని హోస్‌లన్నీ ఎలాగూ మార్చాల్సిందే. పెడల్ పిన్ను దగ్గర తుప్పు పట్టి బిగుసుకోవడం కూడా చూశాను, గ్రీజు పెట్టగానే సగం బరువు తగ్గిన బండ్లున్నాయి.

ఇవన్నీ చేశాక కూడా కాలు నొప్పి పుడితే అప్పుడు బూస్టర్ మాట. కానీ దానికన్నా ముందు నేను నీ చేత చేయించాలనుకునేది మాస్టర్ సిలిండర్ మార్పిడి. పాత మాస్టర్ ఒకే గదిది. నాలుగు చక్రాల్లో ఎక్కడ ఒక్క హోస్ పగిలినా, ఒక్క వీల్ సిలిండర్ కారినా, నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి. టాండమ్ మాస్టర్‌లో గదులు రెండు. ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి. ఒకటి పోయినా రెండోది బండిని ఆపుతుంది. నాన్నగారిని ఎక్కించుకుని ఘాట్ దిగే బండికి బూస్టర్ లేకపోయినా పర్వాలేదు, రెండు గదుల మాస్టర్ లేకపోతే మాత్రం నాకు మనసొప్పదు.

మాస్టర్ ఎంచుకునేటప్పుడు బోరు సైజు, అంటే లోపలి వ్యాసం, చూడు. చిన్న బోరు అయితే అదే కాలి బలానికి ఎక్కువ ప్రెషర్ వస్తుంది, కాకపోతే పెడల్ ఎక్కువ లోపలికి పోతుంది. ముప్పావు అంగుళం బోరుకీ, 7/8 అంగుళం బోరుకీ తేడా చూడ్డానికి చిన్నదే, ప్రెషర్‌లో 36 శాతం. పెడల్ గట్టిగా ఉందని బాధపడేవాళ్లలో కొందరికి పెద్ద బోరు మాస్టర్ ఎవరో ఎక్కించి పోయి ఉంటారు. నీదేమిటో చూడు, బోరు కొలత చాలా సిలిండర్ల మీదే పోతలో వచ్చి ఉంటుంది.

నువ్వు రాయనిది ఒకటుంది. పెడల్ ఫ్లోరులోంచి పైకి లేస్తోందా, డ్యాష్‌బోర్డు కింద నుంచి వేలాడుతోందా? ఫ్లోరులోంచి వస్తే మాస్టర్ నీ కాళ్ల కింద ఛాసిస్‌లో ఉంటుంది. అక్కడ మారుతి బూస్టర్ పట్టదు. దానికి దారులు రెండు. రిమోట్ సర్వో అని వేరే రకం ఉంది, దాన్ని బోనెట్ కింద ఎక్కడైనా బిగించి మాస్టర్ నుంచి వచ్చే పైపును దాని గుండా పోనిస్తారు, పెడల్‌తో దానికి సంబంధం ఉండదు. బిగించేటప్పుడు తయారీదారు చెప్పిన వాలు కచ్చితంగా పాటించాలి, లేకపోతే లోపల గాలి చిక్కుకుని ఎంత తీసినా రాదు. రెండో దారి, తర్వాతి కాలంలో ముందు డిస్కులు, బూస్టర్‌తో వచ్చిన అంబాసిడర్ల సామాను గుజిరీలో వెతికి పెడల్ సెట్టుతో సహా తెచ్చుకోవడం. పెడల్ పైనుంచి వేలాడుతుంటే నీ పని సగం తేలిక.

నా అభిప్రాయం అడిగితే రెండో దారే. ముందు డిస్కులు, వాటిని ప్యాడ్లతో పట్టే క్యాలిపర్లు, అవి కూర్చునే నకిల్స్, బూస్టర్, టాండమ్ మాస్టర్, పెడల్, అన్నీ ఒకే బండివి. ఒక కంపెనీ బూస్టర్, ఇంకో కంపెనీ మాస్టర్, మూడో బండి పెడల్ కలిపితే ఒక్కొక్కటీ మంచిదే అయినా కలిసి పనిచెయ్యవు. బూస్టర్ లేని బండిలో పెడల్ లివర్ నిష్పత్తి, అంటే కాలి బలాన్ని పెడల్ ఎన్ని రెట్లు చేస్తుందో అది, సాధారణంగా ఆరుకి ఒకటి దగ్గర్లో ఉంటుంది, బూస్టర్ ఉన్నదాంట్లో నాలుగుకి ఒకటి చుట్టుపక్కల. పాత పెడల్‌కే బూస్టర్ తగిలిస్తే తాకగానే చక్రాలు లాక్ అవుతాయి. పైగా ముందు డ్రమ్ములకి ఒక గుణం ఉంది, తిరుగుతున్న డ్రమ్ము షూని తనతోపాటే లాక్కుని తనకు తానే గట్టిగా పట్టుకుంటుంది. దాని మీద బూస్టర్ తోడైతే వాన చినుకులు పడ్డ రోడ్డు మీద బండి ఎటు పోతుందో చెప్పలేం. డిస్కుకి ఆ గుణం లేదు కాబట్టే దానికి బూస్టర్ అవసరం, దానితో బాగా కలుస్తుంది. ఘాట్‌లో వేడి కూడా డిస్కు త్వరగా వదిలేస్తుంది. అంటే సామాను పరంగా నీ రెండు జబ్బులూ తగ్గే దారి ఇదొక్కటే. రిమ్ము లోపల క్యాలిపర్ తగలకుండా తిరుగుతుందో లేదో మాత్రం కొనే ముందే చూసుకో.

డిస్కులు పెడితే పాత డ్రమ్ము మాస్టర్‌ని వాడొద్దు. డ్రమ్ముల కోసం చేసిన చాలా మాస్టర్లలో, కాలు తీశాక కూడా లైనులో కొంత ప్రెషర్ నిలబెట్టే చిన్న వాల్వు ఉంటుంది. డిస్కు లైనులో అది ఉంటే ప్యాడ్లు వదలవు, పది కిలోమీటర్లకే ముందు చక్రాలు పొగలు కక్కుతాయి.

పాత బూస్టర్ కొనేటప్పుడు మాస్టర్ బిగించే వైపు వేలు పెట్టి చూడు. లోపల బ్రేక్ ఆయిల్ తడి ఉంటే ఎప్పుడో మాస్టర్ వెనక సీల్ కారి డయాఫ్రం నానింది, ఎంత చవకైనా వదిలెయ్. గుజిరీ నుంచి ఇనుము తెచ్చుకో, రబ్బరు మాత్రం ప్రతి ముక్కా కొత్తదే వెయ్యి. సీళ్లకు ఇంజన్ ఆయిల్, గ్రీజు తగలనివ్వొద్దు, రెండు రోజుల్లో ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్‌తోనే తడిపి ఎక్కించు.

బూస్టర్‌కి వాక్యూమ్ మానిఫోల్డ్ నుంచే తీసుకోవాలి, కార్బురేటర్ థ్రాటిల్‌కీ ఇంజన్‌కీ మధ్యలో. డిస్ట్రిబ్యూటర్‌కి పోయే సన్నని గొట్టానికి టీ ఆకారపు జాయింటు వేసి తీసుకునేవాళ్లున్నారు, అది చాలదు. మానిఫోల్డ్‌కి కన్నం వెయ్యాల్సి వస్తే దాన్ని విప్పి బయట వేయించు, ఒక్క ఇనుప రజను లోపల పడినా సిలిండర్ గీకుతుంది. హోస్ వాక్యూమ్‌ది కావాలి. మామూలు పెట్రోల్ పైపు వేడికి మెత్తబడి, లోపలికి కుంగి మూసుకుంటుంది. వన్ వే వాల్వు దిశ తప్పకూడదు. ఇదంతా బిగించే ముందు వాక్యూమ్ గేజ్ పెట్టి ఐడిల్‌లో చూడు. సముద్ర మట్టం దగ్గర మంచి ఇంజన్ 18 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ తగ్గుతుంది, మీ కడపలో అర అంగుళం, మా అనంతపురంలో అంగుళం పైన. 15 దగ్గర ఆగినా, ముల్లు వణుకుతున్నా ముందు వాల్వులూ రింగులూ చూడాలి, ఆ ఇంజన్‌కి బూస్టర్ పెట్టి లాభం లేదు. ఇది చదివే డీజిల్ అంబాసిడర్ వాళ్లకి ఒక మాట, డీజిల్ మానిఫోల్డ్‌లో పనికొచ్చే వాక్యూమ్ ఉండదు, విడిగా వాక్యూమ్ పంపు కావాలి.

బిగించడంలో ఎక్కువమంది దెబ్బతినేది పుష్ రాడ్ దగ్గర. బూస్టర్ ముందుకొచ్చే రాడ్డుకీ, మాస్టర్ పిస్టన్‌కీ మధ్య చిన్న సందు ఉండాలి, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు. రాడ్డు కొంచెం పొడవైనా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. మాస్టర్‌లో ఆయిల్ తిరిగి ట్యాంకులోకి పోయే సన్నని రంధ్రం మూసుకునే ఉంటుంది. నడిపేకొద్దీ ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, పోయే దారి లేక బ్రేకులు వాటంతటవే పడతాయి. ఇంటి ముందు నాలుగు రౌండ్లలో ఇది బయటపడదు, పది పదిహేను కిలోమీటర్లు పోయాక హైవే మీద పడుతుంది. కొలవడానికి పిల్లలు ఆడుకునే క్లే చిన్న ముద్ద రాడ్డు చివర పెట్టి, మాస్టర్ బిగించి, మళ్లీ విప్పి, నొక్కుకున్న ముద్ద మందం చూడు. ఎప్పుడైనా దారిలో బ్రేకులు పట్టుకుపోతే, మాస్టర్‌ని బూస్టర్‌కి పట్టిన నట్లు రెండు మూడు చుట్లు వదులు చెయ్యి. చక్రాలు వదిలితే తప్పు రాడ్డుదే.

పైపుల విషయంలో రాజీపడొద్దు. స్టీలు పైపు, లేదా రాగి నికెల్ కలిసిన బ్రేకు పైపు. ఫ్రిజ్ రిపేరు షాపులో దొరికే రాగి గొట్టం వంచడానికి సుఖంగానే ఉంటుంది, అదురుడికి గట్టిపడి ఒకరోజు పగులుతుంది. పైపు చివరని రెండు మడతలుగా విప్పార్చాలి, దాన్నే డబుల్ ఫ్లేర్ అంటారు. ఇంకొకటి, పాత ఇంగ్లిష్ నమూనా బండ్లలో పైపు నట్లు 3/8 అంగుళం సన్నమరవి ఉంటాయి, కొత్త సామానులో పది మిల్లీమీటర్లవి. పది మిల్లీమీటర్ల రంధ్రంలోకి పాత నట్టు దూరుతుంది, బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, గట్టిగా తొక్కిన రోజు మరలు తెంచుకుని బయటికొస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినా కంటికి తేడా తెలియదు, థ్రెడ్ గేజ్ పెట్టి చూడు.

బ్రేక్ ఆయిల్ డాట్ 3 లేదా డాట్ 4, సీల్ తీయని డబ్బా. నీ వాడకానికి డాట్ 4 అంటాను. కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలకు గానీ మరగదు, డాట్ 3 అయితే 205. గాలిలోని తేమ పీల్చుకున్నాక డాట్ 4 కనీస హామీ 155కి పడిపోతుంది, అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు. పైపుల్లో చిక్కిన ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టు.

అంతా అయ్యాక బండి కదిలించకుండానే మూడు పరీక్షలు. ఇంజన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చెయ్యి. పెడల్ కొద్దిగా కిందికి జారాలి. జారకపోతే బూస్టర్ పనిచెయ్యడం లేదు. తర్వాత రెండు నిమిషాలు నడిపి ఆపు, మూడుసార్లు తొక్కు, ఒక్కోసారికి పెడల్ ఎత్తు పెరగాలి. మొదటిసారే రాయిలా ఉంటే వాక్యూమ్ నిలవడం లేదు, ఎక్కడో లీకు. చివరగా ఇంజన్ నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టుకుని ఇంజన్ ఆపు. అర నిమిషం పెడల్ కదలకూడదు.

రోడ్డు మీదికి వెంటనే తీసుకుపోవద్దు. ఖాళీ మైదానంలో పది, ఇరవై, నలభై వేగాల్లో ఆపి చూడు. పక్కకు లాగుతోందా, వెనక చక్రాలు ముందే లాక్ అవుతున్నాయా? వెనక లాక్ అయితే బండి అడ్డం తిరుగుతుంది, వెనక లైనులో ప్రెషర్ తగ్గించే వాల్వు పెట్టాలి. హ్యాండ్ బ్రేకు సరిగా పట్టేలా చేశాకే ఇదంతా. తర్వాత ఒక పదిహేను కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడకుండా తిరిగి వచ్చి, నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడు, ఏ ఒక్కటీ మిగతావాటికంటే కాలిపోకూడదు. ఆ తర్వాత బ్రేకుల పని బాగా తెలిసిన మెకానిక్ ఒకరికి బండి ఇచ్చి చూపించు, మన పనిలో మన కంటికి కనపడనివి ఉంటాయి.

మన వైపు దిగుడు రాగానే పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్ వేసి, ఇంజన్ కూడా ఆపేసే అలవాటు చాలామందికి ఉంది. బూస్టర్ ఉన్న బండితో అది ఎప్పటికీ చెయ్యొద్దు. ఇంజన్ ఆగాక డబ్బాలో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే. తర్వాత పెడల్ ఇప్పటికంటే గట్టిగా ఉంటుంది, ఎందుకంటే లివర్ నిష్పత్తి తగ్గించేశావు. మీ ఇంట్లో ఆ కారు నడిపే ప్రతి ఒక్కరికీ ఇది చెప్పు, నాన్నగారికి ముఖ్యంగా.

ఆర్సీ గురించి కూడా అడిగావు. ఇంజన్, బాడీ ముట్టుకోవడం లేదు కాబట్టి పెద్ద చిక్కు రాకూడదు, అయినా ఫిట్‌నెస్‌కి వెళ్లే ముందు ఆర్టీవో ఆఫీసులో ఒక మాట అడుగు. విప్పిన పాత మాస్టర్, డ్రమ్ములు, పెడల్ మాత్రం గుజిరీకి వెయ్యొద్దు, నూనె రాసి దాచు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన, అసలు రూపం మారని బండ్లకు విడి రిజిస్ట్రేషన్ ఉంది. ఎప్పుడైనా ఆ దారి పట్టాలనుకుంటే అవి కావాలి.

ప్రస్తుతానికి డ్రమ్ములు విప్పి సుద్ద పరీక్ష చెయ్యి. లైనర్ల ఫోటో, పెడల్ దగ్గర ఫోటో, మాస్టర్ మీదున్న బోరు అంకె పంపు. అవి చూశాక ఏ దారి పట్టాలో, ఏ సామాను వెతకాలో వివరంగా చెప్తాను. అప్పటిదాకా ఆ కారుతో ఘాట్ ఎక్కొద్దు.